పట్టుకున్నవారి పేరు

ఈ కథలో ఏది ముందు జరిగిందో, ఏది తరువాత జరిగిందో నేను కాస్త తారుమారు చేయవచ్చు. ఈ మధ్య పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండటం లేదు. కానీ మా వదిన ఈ సంగతి చెప్పేటప్పుడు ఆమె గొంతు ఎక్కడ ఆగేదో, ఎక్కడ మంచినీళ్ళు అడిగేదో మాత్రం బాగా గుర్తుంది. అందుకని ఆమె వెంటే నడుస్తూ చెబుతాను.

అన్నయ్యా వదినలది ఫోటో స్టూడియో. అన్నయ్య కెమెరా భుజాన వేసుకుని పెళ్ళిళ్ళకి తిరిగేవాడు. స్టూడియోలో కూర్చునేది వదినే. ముందు గదిలో ఒక బల్ల, కంప్యూటరు, గోడ నిండా ఎవరెవరివో నవ్వు ముఖాలు. లోపలి గదికి తలుపు లేదు, మందపాటి నల్లటి తెర ఉండేది. ఆ తెర వెనక పట్టపగలు కూడా చీకటే. ఒకప్పుడు అక్కడే ఫిలిం కడిగేవారు. ఆ మందుల పుల్లటి వాసన గోడల్లోకి దిగిపోయింది, ఎన్నిసార్లు సున్నం వేసినా పోలేదు. లోపల ఒక తెల్ల పరదా, దాని ముందు ఒక స్టూలు, రెండు పక్కలా గొడుగు లైట్లు. అంతే.

పాస్‌పోర్టు ఫోటో అంటే ఆ చుట్టుపక్కల అందరూ వదిన దగ్గరికే వచ్చేవారు. రెండు చెవులూ కనపడాలి. కళ్ళు తెరిచి ఉండాలి, నోరు మూసి ఉండాలి. వెనక నీడ పడకూడదు. "నవ్వకండి బాబూ. మీరు నవ్వితే ఇది మీరు కాదంటారు ఆఫీసువాళ్ళు," అనేది వదిన. ఆ మాటకే కొందరు నవ్వేవారు. మళ్ళీ తీయాల్సి వచ్చేది.

పెద్దవాళ్ళతో పరవాలేదు. చంటిపిల్లలతోనే చావు. మెడ నిలవని పిల్లని స్టూలు మీద ఎలా కూర్చోబెడతారు? ఎవరో ఒకరు పట్టుకోవాలి. కానీ పట్టుకున్నవాళ్ళు ఫోటోలో కనపడకూడదు, వాళ్ళ వేలి కొస కూడా. దానికి వదిన దగ్గర ఒక ఉపాయం ఉండేది. తల్లినో అమ్మమ్మనో స్టూలు మీద కూర్చోబెట్టి, నెత్తి మీదుగా తెల్ల దుప్పటి కప్పేది. ఒళ్ళో పిల్లని ముందుకి తిప్పి కూర్చోబెట్టేది. దుప్పటి లోపలి నుంచే చేతులు పిల్ల మెడని ఆనిస్తాయి. ఫోటోలో పిల్లా, తెల్లదనమూ తప్ప ఏమీ ఉండవు.

ఎప్పుడైనా వేలు కనపడి ఫోటో తిరిగొస్తే ఎవరి వేలో తెలియాలి కదా. అందుకని వదిన పొడుగు పుస్తకం ఒకటి పెట్టింది. తేదీ, పిల్ల పేరు, చివరి గడిలో 'పట్టుకున్నవారు'. రెండోసారి వచ్చినప్పుడు ఆ గడి చూసి, "మీ చెయ్యి జారుతుందమ్మా, ఈసారి వాళ్ళ నాన్నని కూర్చోమనండి," అనేది.

ఒకరోజు ఒక పెద్దావిడ నాలుగు నెలల పాపని తీసుకొచ్చింది. కూతురి కూతురు. వెంట అల్లుడు. లేతు మిషను మీద పని చేసే మనిషి, వేళ్ళ సందుల్లో నల్లటి నూనె ఎంత కడిగినా పోయేది కాదట. ఆ చేతులతో పాపని ముట్టుకోవడానికి జంకి, దూరంగా నిలబడ్డాడు. పాప తల్లి కాన్పయిన పదకొండో రోజున ఆస్పత్రిలోనే పోయింది.

పాప గుండెలో రంధ్రం. పరాయి దేశంలో ఒక ఆస్పత్రివాళ్ళు ఆపరేషను చేస్తామన్నారు, తేదీ కూడా ఇచ్చారు. ఆ తేదీ తప్పితే మళ్ళీ ఏడు నెలలకి గానీ వంతు రాదు. పాపకి ఏడు నెలల టైము లేదని ఇక్కడి డాక్టరు మొహం మీదే చెప్పేశాడు.

"నాలుగు నెలలు నిండాయో లేదో, అప్పుడే దీనికి నోరు మూసుకుని కూర్చోమని రూలా?" అంది అమ్మమ్మ, దుప్పటి కిందకి దూరుతూ. "దీని అమ్మకి ఇరవై ఆరేళ్ళు వచ్చినా ఆ విద్య రాలేదు."

అల్లుడు తల దించుకునే చిన్నగా నవ్వాడు. వదిన కూడా నవ్వింది. పాప మాత్రం ఏడుస్తూనే ఉంది. గట్టిగా ఏడ్చే బలం లేక పిల్లికూనలా మూలిగింది. పెదవులు కొంచెం నీలంగా ఉన్నాయి. మూడు నాలుగు క్లిక్కులయ్యాక ఉన్నట్టుండి ఏడుపు ఆపేసింది. కళ్ళు విప్పి, కెమెరా వైపు కాకుండా కొంచెం పైకి చూసింది. అప్పుడే తీసింది వదిన.

నాలుగో రోజున అల్లుడు ఆ ఫోటో వెనక్కి తెచ్చాడు. ఆఫీసు చీటీ మీద ఒక గడిలో టిక్కు: మరొకరి చెయ్యి కనపడుతోంది.

వదిన చూసింది. నిజమే. పాప ఎడమ చెవి పక్కన నాలుగు వేళ్ళ కొసలు, దుప్పటి పైన. పుస్తకం తీసి చివరి గడి చూసింది. అమ్మమ్మ.

"నా చేతులు రెండూ లోపలే ఉన్నాయమ్మాయ్," అంది అమ్మమ్మ. "బయట పెట్టడానికి నాకు మూడోది లేదు."

రెండోసారి వదిన జాగ్రత్తపడింది. ఎవరూ పట్టుకోకుండా పాపని నేల మీద తెల్ల దుప్పటి పరిచి పడుకోబెట్టి, తను బల్లెక్కి పైనుంచి తీసింది. కంప్యూటరులో తెరిచి చూస్తే... పాప తల కింద అరచెయ్యి ఉంది. దిండు పెట్టినట్టు, మెత్తగా.

దుప్పటి మడత అనుకుంది వదిన. అలా అనుకోకపోతే ఆ పూట ఆ గదిలో కూర్చోగలిగేది కాదు. ఎవరికీ చెప్పకుండా ఆ చేతిని కంప్యూటరులోనే చెరిపేసింది. అక్కడే తప్పు చేశానని తరువాత ఎన్నిసార్లు అనుకుందో. దిద్దిన ఫోటో చెల్లదని ఆఫీసువాళ్ళు మళ్ళీ తిప్పి పంపారు.

ఇక ఒక్క రోజే ఉంది. సాయంత్రం నాలుగింటికి ఆఫీసు కిటికీ మూసేస్తారు. ఆ లోపు ఫోటో ఇవ్వకపోతే పాస్‌పోర్టు ఆ తేదీకి చేతికి రాదు.

మధ్యాహ్నం రెండింటికి వాళ్ళు వచ్చేసరికి వదిన మొదటి ఫోటోని కంప్యూటరు మీద పెద్దది చేసి చూస్తోంది. వేళ్ళ వెనక, దుప్పటి నీడలో, చెయ్యి మణికట్టు దాకా కనపడుతోంది. చేతి వెనక తెల్లటి ప్లాస్టరు. దాని కింద నుంచి చిన్న ఆకుపచ్చ మూత.

అల్లుడు ఆమె భుజం మీదుగా చూశాడు. వేలెత్తి ఆ మూత చూపించాడు.

"సెలైను సూది," అన్నాడు. "తీసెయ్యమని అడిగాను. తీస్తాం తీస్తాం అన్నారు. మరిచిపోయారు. అలాగే... అలాగే తనని ఇంటికి తెచ్చాం."

అమ్మమ్మ కంప్యూటరు వైపు తిరగలేదు. పాప కుచ్చు టోపీ సర్దుతూ, "నాకు తెలుసు," అంది. "రాత్రిళ్ళు పాప ఏడ్చి నేను లేచేసరికి ఎవరో జోకొట్టినట్టు ఊరుకుంటుంది. నీకు చెబితే భయపడతావని చెప్పలేదు బాబూ."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. గడియారం చూసుకున్నారు.

"రండి పెద్దమ్మా," అంది వదిన. "దుప్పటి అంచులు మీ మోకాళ్ళకి క్లిప్పులతో బిగిస్తాను. అప్పుడు మీ చేతులూ బయటికి రావు, ఇంకెవరివీ రావు." ఆ మాట ఎందుకన్నదో ఆమెకే తెలియదు. ధైర్యానికి అనుకుంటాను.

అమ్మమ్మ పాపని ఎత్తుకుని తెర లోపలికి వెళ్ళింది. వదిన తెరకి వీపు పెట్టి, బల్ల సొరుగులో తల దూర్చి క్లిప్పుల కోసం వెతికింది. క్లిప్పులు దొరకడానికి కొంచెంసేపు పట్టింది. తెర తీసుకుని లోపలికి వెళ్ళేసరికి దుప్పటి కప్పుకుని స్టూలు మీద కూర్చుని ఉంది. ఒళ్ళో పాప.

గొడుగు లైట్లు సన్నగా గుయ్‌మంటున్నాయి. మందుల వాసన లేదు. ఆ గదిలో అన్నేళ్ళలో మొదటిసారి ఆ వాసన లేదు. దాని బదులు పాల వాసన. పచ్చి పాలు, ఉడుకు ఒంటి మీద తడిసిన బట్ట...

"కొంచెం నిటారుగా కూర్చోండి పెద్దమ్మా."

దుప్పటి నిటారుగా అయింది.

వదిన కెమెరాలో కన్ను పెట్టింది. పాప ఏడవడం లేదు. మెడ నిలబెట్టుకుని, కళ్ళు విప్పుకుని, పైకి చూస్తోంది. బుగ్గల్లో రంగు ఉంది. చెవి పక్కన నాలుగు వేళ్ళు. ప్లాస్టరు. ఆకుపచ్చ మూత.

తెర అవతల ముందు గదిలోంచి అమ్మమ్మ గొంతు వినిపించింది.

"ఇదిగో వస్తున్నానమ్మాయ్. పాల సీసా సంచిలోనే ఉండిపోయింది. పాపని కింద తువ్వాలు పరిచి పడుకోబెట్టి వచ్చాను, కాస్త చూస్తుండు..."

వదిన కెమెరాలోంచి కన్ను తీసి చూసింది. అరవాలి. పాపని లాక్కోవాలి. చేతులు కెమెరాని వదల్లేదు.

దుప్పటి ఊపిరి తీస్తోంది. మెల్లగా పైకి... మెల్లగా కిందికి. మూతి దగ్గర గుడ్డ లోపలికి అంటుకుని, మళ్ళీ వదులవుతోంది.

తెర కదిలింది. అమ్మమ్మ సీసాతో లోపలికి అడుగుపెట్టి, అక్కడే ఆగిపోయింది. వదిన చెయ్యెత్తి ఆమెని ఆపింది.

గోడ గడియారంలో మూడు కావడానికి పది నిమిషాలుంది.

వదిన ఎప్పుడూ చెప్పేది. అప్పుడు తను భయపడుతూనే ఉంది, కానీ నోరు మాత్రం అలవాటైన మాటలే పలికిందట. వేలమందికి చెప్పిన మాటలు.

"చెయ్యి కనపడుతోందమ్మా," అంది. గుసగుసే వచ్చింది. "కనపడితే ఫోటో తీసుకోరు. రెండుసార్లు తిప్పి పంపారు. కొంచెం... కొంచెం కిందికి తియ్యి."

చెయ్యి కదల్లేదు. పాప జుట్టులో వేళ్ళు ఇంకొంచెం బిగుసుకున్నాయి.

"వదిలితే పడిపోతుందని దాని భయం," అంది అమ్మమ్మ, ఎవరికో వినపడకూడదన్నట్టు. సీసా నేల మీద పెట్టి, పసిపిల్లలు నడిచినంత నెమ్మదిగా స్టూలు దగ్గరికి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుంది. ఫోటోలో పడకుండా వంగి, దుప్పటి కింది అంచులోంచి తన రెండు చేతులూ లోపలికి పెట్టింది. ఆమె ఒళ్ళు జలదరించడం వదినకి కనపడింది. లోపల చల్లగా ఉందో, వెచ్చగా ఉందో, ఆవిడ తరువాత ఎవరికీ చెప్పలేదు.

"నేను పట్టుకున్నాను తల్లీ. నిన్ను పట్టుకోలేదూ? పడేశానా? పాప ఊరు వెళ్ళాలి. నువ్వు వదిలితేనే వెళ్తుంది. వదులు నాన్నా..."

చాలాసేపు ఏమీ జరగలేదు.

తరువాత ఒక్కొక్క వేలే... చిటికెన వేలు ముందు... పాప చెవి పక్క నుంచి దుప్పటి వెనక్కి వెళ్ళిపోయింది. చివరిగా బొటనవేలు పాప నుదుటి మీద ఒకసారి రాసి, అదీ వెళ్ళిపోయింది.

వదిన క్లిక్కుమనిపించింది.

దుప్పటి కూలబడింది. నిలబెట్టిన కర్ర తీసేస్తే గుడారం కూలినట్టు, చప్పుడు లేకుండా. అమ్మమ్మ చేతుల్లో పాప ఉంది. స్టూలు ఖాళీ. పాప ఒక్కసారి చుట్టూ చూసి, పుట్టాక ఎన్నడూ ఏడవనంత గట్టిగా ఏడ్చింది.

ఆ ఫోటోలో రెండు చెవులూ ఉన్నాయి. నీడ లేదు. నాలుగింటికి ఐదు నిమిషాల ముందు అల్లుడు కిటికీలో ఇచ్చాడు. వాళ్ళు మారుమాటాడకుండా తీసుకున్నారు. పాప వెళ్ళింది. ఆపరేషను అయింది. బతికింది. తరువాత తండ్రికి అక్కడే పని దొరికిందనీ, అమ్మమ్మని కూడా పిలిపించుకున్నాడనీ ఒక ఉత్తరం వచ్చింది. మళ్ళీ ఎవరూ ఇటు రాలేదు.

ఆ సాయంత్రం వదిన పుస్తకం తెరిచి తేదీ రాసింది, పాప పేరు రాసింది. చివరి గడి దగ్గర కలం ఆగింది. ఏం రాయాలో తోచక ఖాళీగా వదిలేసింది. పుస్తకంలో ఖాళీగా వదిలిన గడి అదొక్కటేనని నాకు ఎన్నోసార్లు చెప్పింది. పోయే ముందు కూడా చెప్పింది. దుప్పటి మాత్రం ఎన్ని ఉతుకులు ఉతికినా పాల వాసన పోలేదట. పారెయ్యడానికి మనసొప్పక, చంటిపిల్లల ఫోటోలకి అదే వాడేది. దాని మీద ఏ పిల్లా ఏడవడం లేదని మొదట్లో సంతోషపడింది కూడా.

అమ్మాయీ, మీ అమ్మ పుస్తకం ఇప్పుడు నీ దగ్గరే ఉంది కదా. నువ్వు నా మేనకోడలివి, నన్ను చూసి నవ్వినా పరవాలేదు, ఒక్క పని చేసి పెట్టు. మొన్న మీ ఇంటికి వచ్చినప్పుడు నేను దాన్ని తిరగేశాను. ఆ ఖాళీ గడిలో ఒక పేరు ఉంది. మీ అమ్మ రాత కాదు. సూది గుచ్చిన చేత్తో రాసినట్టు వంకరగా ఉంది. అక్కడితో అయితే నేను ఊరుకునేదాన్ని. ఆ తరువాత పేజీల్లో వేరే పిల్లలు, వేరే తేదీలు, ఎవరెవరి బిడ్డలో. ప్రతి వరసలోనూ చివరి గడిలో మీ అమ్మ రాసిన పేరు కొట్టేసి ఉంది, పక్కన అదే వంకర రాతలో అదే పేరు ఉంది. ఆఖరి పేజీ దాకా.

వదలమని మీ అమ్మా, ఆ అమ్మమ్మా చెప్పారు. వదిలాక ఎక్కడికి వెళ్ళాలో ఎవరూ చెప్పలేదు.

నా కళ్ళూ మంచివి కావు, బుర్రా మంచిది కాదు. చూసింది చూడలేదనుకుంటాను, చూడనిది చూశాననుకుంటాను. పగటిపూట, కిటికీ దగ్గర కూర్చుని, ఆ పేర్లు ఒక్కసారి సరిచూసి నాకు ఫోను చెయ్యి. నీ కొడుకు ఫోటో కూడా మీ అమ్మ ఆ దుప్పటి మీదే తీసింది కదా. ముందు వాడి వరస చూడు.