పాత రేవు దగ్గర లాంతరు

మా ఊరి ఎదురుగా ఉన్న నాలుగు దీవుల్లో, నాలుగో దీవిలో పాత రేవుకి పోయే దారి మంచిది కాదని నాకు చెప్పింది నాతో పనిచేసే ఇస్త్రీ ఆవిడ. మాది ఆసుపత్రి లాండ్రీలో రాత్రి డ్యూటీ. దుప్పటి రెండో కొస నా చేతికిస్తూ, మెల్లగా చెప్పింది.

"చీకటి పడ్డాక అక్కడెవడో లాంతరు ఊపుతాడట. ఆగావో... అంతే. రెండేళ్లలో ముగ్గురు పోయారు. బళ్లయితే దొరికాయి గానీ..."

మనుషులు దొరకలేదని నాకే అర్థమైంది.

నాకసలే భయం ఎక్కువ. మనవాళ్లంటూ ఒక్కరూ లేని ఊళ్లో ఇద్దరు పిల్లల్ని పెంచుతుంటే, ఎక్కడ ఏం జరిగినా మన గుమ్మంలోనే జరిగినట్టుంటుంది. అందుకే మా ఆయన స్నేహితుడితో కలిసి మోటార్‌సైకిల్ మీద నాలుగు దీవులూ చుట్టి వస్తానన్నప్పుడు, రెయిన్‌కోటు దగ్గర్నుంచి కాళ్లకి మేజోళ్ల దాకా వంద జాగ్రత్తలు చెప్పాను. చివరి జాగ్రత్త ఇది.

"నాలుగో దీవిలో ఎవరు లాంతరు ఊపినా ఆగొద్దు. పిల్లల మీద ఒట్టు."

"ఆగం తల్లీ, ఆగం. వీడి బండి ఆగిందో నడుస్తోందో కనిపెట్టడం కూడా కష్టమే" అన్నారు మా ఆయన.

బండి నడిపేది స్నేహితుడే. నలభై దాటితే బండికి జలుబు చేస్తుందన్నట్టు నడుపుతాడు. వాళ్లిద్దరూ పనిచేసే వర్క్‌షాపులో అందరూ అతన్ని తాబేలు అంటారు. నేను మాత్రం అన్నయ్య అంటాను.

"నవ్వుకోండమ్మా" అన్నాడు అన్నయ్య. "మీ ఆయన్ని అప్పగించాక లెక్క చూసుకో, కాళ్లూ చేతులూ అన్నీ ఉంటాయి."

ఒకటే షరతు పెట్టాను. మూడో రోజు రాత్రి తొమ్మిదింటికి నేను డ్యూటీకి బయల్దేరాలి. అప్పటికి ఆయన ఇంట్లో ఉండాలి. పిల్లల్ని అప్పజెప్పడానికి మాకు ఇంకెవరూ లేరు.

పిల్లలు ఒక కాగితం మీద నాలుగు గుండ్రాలు గీసి ఫ్రిజ్‌కి అంటించారు. ఒక దీవి దాటి నాన్న ఫోన్ చేయగానే ఒక గుండ్రానికి రంగు. మూడో రోజు సాయంత్రానికి మూడు నిండాయి. నాలుగోది తెల్లగానే ఉంది... ఏడున్నరకి కూడా.

ఆ రాత్రి ఏం జరిగిందో తర్వాత ఆయన చెప్పారు.

నాలుగో దీవిలో దిగగానే టైరు పంక్చరయింది. అది అతికించుకునేసరికి చీకటి పడింది. వాన. మా ఊరికి వచ్చే ఆఖరి ఫెర్రీ ఏడున్నరకి. ఫోన్‌లో మ్యాపు దగ్గరి దారి చూపించింది. ఆ దారినే పోయారు.

ఎదురుగా నీళ్ల మీద ఫెర్రీ దీపాలు కనిపిస్తున్నాయి. దారి తిన్నగా వాటి వైపే పోతోంది. ఇళ్లు అయిపోయాయి... వీధి దీపాలు అయిపోయాయి...

అప్పుడు కనిపించింది లాంతరు.

దారి మధ్యలో. అడ్డంగా ఊగుతోంది. ఇటు... అటు... ఇటు...

మూడు దీవుల్లోనూ ఫెర్రీ ఎక్కేటప్పుడు వాళ్లు చూసిన సైగే అది. పైకీ కిందికీ ఊపితే రమ్మని. అడ్డంగా ఊపితే ఆగమని. అన్నయ్య చెయ్యి బ్రేకు మీదికి పోయింది.

"ఆపకు!" మా ఆయన అతని భుజం గట్టిగా పట్టుకున్నారు. "ఆపకురా, పోనీ... పోనీ!"

లాంతరు ఇంకా జోరుగా ఊగింది. దాని వెనక తడిసిన గడ్డం ఒకటి... తెరుచుకున్న నోరు ఒకటి... వాన హోరులో ఏమీ వినబడలేదు. బండి ఆ లాంతరు పక్కనుంచి దూసుకుపోయింది.

అంతే. కింద రోడ్డు లేదు. పాత రేవులో నీళ్లలోకి దిగే, పాచి పట్టిన వాలు. బండి అడ్డంగా పడి జారింది... జారుతూనే ఉంది... ముందు చక్రం నీళ్లలోకి పోయాక ఆగింది.

తాబేలు అప్పుడు కూడా నలభై దాటలేదు. అదే కాపాడింది.

లాంతరు కిందికి వచ్చింది. పట్టుకున్నది ముసలాయన. మనిషే. ఆయాసంతో రొప్పుతున్నాడు.

"ఎందుకయ్యా ఆగరు?" అన్నాడు. "ముప్పై ఏళ్లు ఫెర్రీలో బళ్లు కదలకుండా చక్రాల కింద దిమ్మలు పెట్టినవాణ్ణి. నేను ఆగమంటే లారీలు ఆగేవి. ఇప్పుడు నన్ను చూస్తే జోరు పెంచుతున్నారు. ఆ ముగ్గురూ అంతే... నా గురించి ఎవరు ఏం చెబుతున్నారో ఏమో."

మా ఆయన తల ఎత్తలేకపోయారట.

ఫెర్రీ దీపాలు నిజమే. కాకపోతే అవి కొత్త రేవులోవి, అదే దీవిలో చిన్న పాయకి అవతలి ఒడ్డున; వంతెన మీదుగా చుట్టి పోతే ఐదు నిమిషాల దారి. ముసలాయన లాంతరు పైకెత్తి మూడుసార్లు తిప్పాడు. ఒడ్డు నుంచి ఆ సైగ కనిపిస్తే ఫెర్రీ పది నిమిషాలు ఆగుతుందట. ఆగింది.

తొమ్మిదికి ఐదు నిమిషాలుండగా, మోకాళ్ల దాకా బురదతో, ఆయన గుమ్మంలోకి వచ్చారు. చిన్నది నాలుగో గుండ్రానికి రంగు వేసింది.

నేను చెప్పిన జాగ్రత్తే ఆయన్ని నీళ్ల దాకా తోసిందని తెలిశాక రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. లాండ్రీలో ప్రతి ఒక్కరినీ పట్టుకుని చెప్పాను. అది దెయ్యం కాదు, లాంతరు ఊపితే ఆగండి, ఆగితేనే బతుకుతారు అని. ఇస్త్రీ ఆవిడ దుప్పటి వదిలేసి నోరు నొక్కుకుంది.

అక్కడితో అయిపోయిందనుకున్నాను.

వారం తర్వాత, పిల్లలు పడుకున్నాక, నేనే అడిగాను. "అంత ప్రమాదమైన చోటు కదా, దారికి అడ్డంగా ఏమీ పెట్టలేదా?"

ఆయన లేచి పిల్లల గది తలుపు దగ్గరగా వేశారు.

"పెడతాడట. ఇసుక నింపిన డ్రమ్ములు రెండు. రోజూ పొద్దుగూకే ముందు తనే దొర్లించి అడ్డం పెడతాడు. చీకటి పడేసరికి పక్కన ఉంటాయట. ఎవరు జరుపుతున్నారో తెలీకే లాంతరు పట్టుకుని తనే నిలబడుతున్నాడు."

"మీరు వెళ్లినప్పుడు?"

"పక్కనే ఉన్నాయి. నా కళ్లతో చూశాను. దారి ఖాళీ."

ఆయన గొంతు తగ్గించారు.

"ముగ్గురం బండిని పైకి తోసుకొచ్చాం కదా... అప్పుడు డ్రమ్ములు దారికి అడ్డంగా ఉన్నాయి. రెండూ. ఒకదానికొకటి ఆనించి... మమ్మల్ని బయటికి పోనివ్వకుండా."

"ముసలాయన ఏమన్నాడు?"

"లాంతరు ఎత్తి వాటిని చూశాడు. 'ఇన్నాళ్లూ కింద పడ్డవాళ్లెవరూ పైకి రాలేదు బాబూ... ఇవి ఇలా వెనక దారి మూయడం నేనూ ఇప్పుడే చూడ్డం' అన్నాడు."