వాసెన కట్టిన గాజుగొట్టం

జగదల్‌పూర్‌లో ప్రైవేట్ డిటెక్టివ్ రాఘవులు ఆఫీసుకి అన్నపూర్ణ వచ్చేసరికి ఆమె చీర అంచుకి కిరందుల్ గనుల ఎర్రమన్ను ఇంకా అంటుకునే ఉంది. కుర్చీలో కూర్చుంది గానీ చేతిసంచి వదల్లేదు. మనిషి హడలిపోయి ఉందని గ్రహించి అసిస్టెంట్ ఇర్మా మంచినీళ్లిచ్చాడు.

"నన్ను దొంగ అంటున్నారండీ," అంది.

ఆమె గనుల పరిశోధనశాలలో శాస్త్రవేత్త. జీలుగు కల్లులోంచి ఓ ఈస్టును పట్టి, ఇనుప నీళ్లలో దాన్ని ఏ జన్యువు కాపాడుతోందో వ్యాసం రాసింది. రెండేళ్లపాటు దాన్ని పట్టించుకున్న నాథుడు లేడు. తర్వాత ఒక్కసారిగా దేశదేశాల శాస్త్రవేత్తలు తమ వ్యాసాల్లో ఆమె పేరు చెప్పుకోసాగారు. అలాంటి సైటేషన్లు రెండొందలు దాటాయి. కొత్త ల్యాబ్ ఆమె చేతికొచ్చే వేళకి డైరెక్టర్ శ్రీరంగానికి అనుమానం పుట్టింది.

"ఈస్టు పంపినందుకు కృతజ్ఞతలని వాళ్లంతా రాశారు. నేనెవరికీ పంపలేదండీ. ఆ మాటంటే, అయితే ఆ సైటేషన్లన్నీ నేనే రాయించుకున్నవి అంటున్నారు. శనివారంలోగా నిజం తేలకపోతే ల్యాబూ పోతుంది, పరువూ పోతుంది."

రాఘవులు కళ్లు మెరిశాయి. ఆ మెరుపు కనిపిస్తే ఇర్మాకి పండగే.

మర్నాడు కిరందుల్‌లో శ్రీరంగం ఆ ముగ్గురి ముందు ఒక పొట్లం పడేశాడు. అది చేరాల్సినచోటికి చేరక విదేశం నుంచి తిరిగొచ్చింది. పైన చిరునామా చేత్తో రాసింది కాదు, ఏదో ఉత్తరం పైన అచ్చయి ఉన్నది కత్తిరించి అంటించింది. లోపలి గాజుగొట్టానికి దూది బిరడా, దానిమీద తెల్లగుడ్డ, రెండు చుట్ల దారం ఉన్నాయి.

"మీరు మూతలు ఇలాగే కడతారా?" అడిగాడు రాఘవులు.

"దూది చాలు. గుడ్డ ఎవరు కడతారండీ?" అంది అన్నపూర్ణ.

"ఈస్టు ఎక్కడుంటుంది?"

"తాళం వేసిన ఫ్రిజ్‌లో. తాళంచెవి నా దగ్గరే. ఒక్క గొట్టం కూడా తగ్గలేదు," అన్నాడు శ్రీరంగం.

"ఇంకొకటి మా క్వార్టర్లో ఉంచానండీ, ఇక్కడ కరెంటు నిలకడగా ఉండదని," అంది అన్నపూర్ణ.

రాఘవులు ఆమె వ్యాసం తెప్పించుకుని చూశాడు. చివర 'అడిగినవారికి ఈస్టు ఇస్తాము' అని ఉంది. కింద చిరునామా క్వార్టర్‌దే.

"అందరూ రాసే మాటేనండీ అది. నిజంగా ఎవరూ పంపరు," అందామె.

తాళంచెవి ఎవరి దగ్గరుంటే దొంగ వాడేనని ఇర్మా అప్పటికే తేల్చేసుకున్నాడు. ఇర్మా తేల్చినవి ఎప్పుడూ అంతే, ఒక్కటీ నిలిచేది కాదు.

మధ్యాహ్నం భోజనం క్వార్టర్లోనే. అన్నపూర్ణ అత్తగారు వరహాలమ్మది కొంటా ఊరి వ్యాపారుల కుటుంబం. జాడీ మూతికి కట్టిన గుడ్డ విప్పి మాగాయ వడ్డించింది. ఆ రుచికి ఇర్మా వంచిన తల ఎత్తలేదు. రాఘవులు మాత్రం ముద్ద మింగి జాడీ వైపు చూశాడు.

"పోస్టు ఏ వేళకొస్తుందమ్మా?"

"గిదే, అన్నం యాళ్లకే. అప్పుడు కోడలు ఇంట్ల ఉండదు గదా."

సాయంత్రం అదే గదిలో అందరినీ కూర్చోబెట్టాడు రాఘవులు.

"దొంగతనం జరగలేదు. ల్యాబ్‌లో ఏ గొట్టమూ తగ్గలేదంటే ఈస్టు ఈ ఇంటి ఫ్రిజ్‌లోంచే వెళ్లింది. చిరునామా అంటించారంటే ఇంగ్లీషు రాయడం రానివాళ్లు పంపారు. ఇక ఈ మూత ఊరగాయ జాడీకి కట్టే వాసెన." గొట్టాన్ని జాడీ పక్కన పెట్టాడు. అదే గుడ్డ, అవే రెండు చుట్లు.

అన్నపూర్ణ అత్తగారి వైపు తిరిగింది. వరహాలమ్మ మాత్రం తొణకలేదు.

"నేనే పంపిన. తప్పేంది? ఈస్టు గావాలని వచ్చిన మొదటి చీటీ నువ్వే చదివి తీరిక లేదని పక్కన పెట్టినవ్. అడిగితే ఇస్తమని నువ్వే రాసినవంట గదా. పాలకు తోడు అడిగినోళ్లను ఉత్తచేతుల పంపుతమా, బిడ్డా? తర్వాత వచ్చినయి పోస్టాయనతో చదివిచ్చుకున్న. నువ్వు క్యాంపుకు పోయేటప్పుడు కొత్త గొట్టంలకు మార్చుడు నేర్పినవ్. అట్లనే చేసి పంపిన."

"నాతో ఎందుకు చెప్పలేదత్తయ్యా?"

"తోడు ఇచ్చినమని ఎవలన్న చెప్పుకుంటరా?"

రాఘవులు శ్రీరంగం వైపు తిరిగాడు. "ఈస్టు చేతికందింది కాబట్టే అందరూ పరీక్షించి చూసుకున్నారు. నిజమని తేలాకే ఈమె పేరు రాశారు. ఆ రెండొందలూ నిఖార్సయినవి సార్."

శ్రీరంగం ఆమె మీద రాసిన ఫిర్యాదు కాగితం నిలువునా చింపి, సోమవారం నుంచి ల్యాబ్ మీదేనన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "నా వ్యాసాల కిందా ఆ మాటే రాశానమ్మా. ఒక్కరికీ పంపలేదు," అన్నాడు.

వరహాలమ్మకు ఆయన మీద జాలేసింది.

"మీదిగూడ ఇంత తెచ్చియ్యుండ్రి నాయనా, నేను పంపుత."

ముందుగా నవ్వింది శ్రీరంగమే. ఆ నవ్వుల మధ్యే అన్నపూర్ణ వెళ్లి అత్తగారిని గట్టిగా కావలించుకుంది. ఇంత సంతోషం తన జన్మలో ఎరగనని అందరి ముందూ చెప్పి ఏడ్చేసింది.