ఒయికావా గారి చిప్

జపాన్‌లోని సెందాయ్‌లో తెల్లారేసరికి ముసలి ఏజెంట్ త్సుకుదా ప్రాణం పోయింది. పరిశోధనశాల కాపలా గదిలో, టీ కప్పు ముందు, కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు.

“విషం,” అన్నాడు చీఫ్ ఫోన్‌లో. “విదేశీ ముఠా పని. ఇవాళ ప్రొఫెసర్ ఒయికావా చిప్‌ని దాటించేస్తారు. అయస్కాంతం మాట వినే ట్రాన్సిస్టర్లు అందులో ఉన్నాయి. ఎలక్ట్రాన్ స్పిన్ మీద నడుస్తాయి, కరెంటు పోయినా చెప్పింది మర్చిపోవు. అలాంటిది ఇంకోటి లేదు. అది పోయిందా, త్సుకుదా చావు దండగే.”

“పోనివ్వను,” అన్నాడు ఏజెంట్ హిరానుమా. అతనికి పని నేర్పినవాడు త్సుకుదానే.

హీలియం సిలిండర్లు మోసే కూలీ వేషంలో వెళ్ళాడు. సిలిండర్లు నడవాలో వదిలి మాగ్నెట్ గదిలో అడుగుపెట్టాడు. అక్కడ కనొకో ఒక్కతే ఉంది. ఒయికావా సహాయకురాలు, ముఠాలోకి చీఫే పంపిన అందగత్తె.

“కెయాకి చెట్లు ఆకు రాల్చాయా?” సంకేతం చెప్పాడు.

“ఇంకా ఆ పాత పాటేనా?” కిసుక్కున నవ్వింది. ఎడంచేతిలో చిప్ పెట్టె, కుడిచేతిలో పిస్తోలు.

ఓసి దీని దుంపతెగ! తిన్నింటి వాసాలే లెక్కపెట్టింది.

“త్సుకుదాగారికి టీ ఇచ్చింది నువ్వే.”

“ఇచ్చాను. తాగమని కాళ్ళు పట్టుకోలేదుగా? పాపం, థాంక్స్ కూడా చెప్పాడు ముసలాడు.”

హిరానుమాకి ఒళ్ళు మండిపోయింది. మోచేత్తో వెనక గోడకున్న మాగ్నెట్ స్విచ్ నొక్కాడు. పిస్తోలు ఆమె చేతిలోంచి ఎగిరి మాగ్నెట్‌కి అతుక్కుంది. పెట్టెకి ఏమీ కాలేదు. అయస్కాంతం సోకకుండా ఒయికావా చేయించిన పెట్టె అది.

కనొకో పరుగందుకుంది. గుమ్మం బయట మంచులో కారు, తలుపు బార్లా తెరిచి ఉంది.

“ఎక్కు! ఎక్కు!” డ్రైవరు అరిచాడు.

ఆమె గుమ్మంలో ఆగింది. పెట్టె చంకలో ఇరికించుకుని, లోపల మాత్రమే వేసుకునే చెప్పులు విప్పి అరలో పెట్టి, బయటి బూట్లు అందుకుంది. జపాన్‌లో అందరిలాగే పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చేస్తున్న పని, చెయ్యి దానంతటదే చేసేసింది.

“బూట్లెందుకే, దరిద్రపుదానా!”

రెండో బూటు చేతపట్టుకుని కుంటుతూ ఉరికింది. ఆమె వేళ్ళు కారు తలుపుకి తగిలేలోగా హిరానుమా ఒక్క దూకు దూకి మంచులో పడేశాడు. కారు పారిపోయింది.

“దేశాన్ని అమ్మేశావు, చెప్పులు మాత్రం మార్చుకున్నావు!”

కనొకో థూ అని అతని మొహాన ఉమ్మింది.

ఒయికావా రొప్పుతూ వచ్చి పెట్టెని గుండెకి హత్తుకున్నాడు. తర్వాత కిందికి చూసి మొహం చిట్లించాడు.

“ఇదేంటయ్యా! లోపలి చెప్పులతో మంచులోకి దిగావా?”

హిరానుమా తన కాళ్ళు చూసుకున్నాడు. కళ్ళు తుడుచుకుని తలవంచాడు.

“క్షమించండి సార్. త్సుకుదాగారుంటే ఈపాటికి నా వీపు పగలగొట్టేవారు.”