పెన్నుకి వాటా

"నేను రంగూన్‌లో పుట్టాను. చిన్నప్పుడు నా జడ మా అమ్మమ్మ వేసేది."

గురునాథం మాస్టారు మల్లేశు రాసిన 'నా బాల్యం' వ్యాసం అక్కడిదాకా చదివి, కళ్ళద్దాల మీంచి అతన్ని చూశారు. "ఏదీ నీ జడ?"

క్లాసంతా ఘొల్లుమంది. ఈ దీవిలోనే, జాలర్లుండే జంగ్లీఘాట్‌లో పుట్టి పెరిగి, ఏనాడూ తల దువ్వని మల్లేశుకి జడెక్కడిది? అది పక్క బెంచీ నూకరత్నానిది. రంగూన్ వదిలి వాళ్ళ కుటుంబం ఈ దీవికి వచ్చి ఏడాదే అయింది. చూసి రాసినవాడికీ చూపించినవాళ్ళకీ సున్నాయేనన్నారు మాస్టారు. సున్నా వస్తే ఆమెకి టీచర్ ట్రైనింగ్ సీటు పోయినట్టే.

వరండాలో నూకరత్నం నిలదీసింది. "సిగ్గు లేదా నీకు?"

"సిగ్గేటి? నీ పెన్ను రాయకపోతే నా పెన్ను ఇచ్చినాను కదా. మా ఘాట్‌లో పడవ ఇచ్చినోడికి వేటలో వాటా ఉంటాది. అడిగే పనే లేదు."

"రంగూన్‌లో అయితే మాస్టారి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, నుదురు నేలకి ఆనించి మూడుసార్లు మొక్కాలి, తెలుసా?" అంటూనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నా సీటు పోయింది, మల్లేశూ."

నిజానికి మల్లేశు ఆ పెన్ను ఇచ్చింది వాటా కోసం కాదు, ఆమె వేళ్ళు తగులుతాయని.

స్టాఫ్ రూముకి పరిగెత్తి, మూడుసార్లు మొక్కేశాడు. కుర్రాడికి మూర్ఛ వచ్చిందనుకుని మాస్టారు అతని చేతిలో తాళాల గుత్తి పెట్టి, మొహాన చెంబెడు నీళ్ళు కొట్టారు.

"ఆమె చూపించలేదు సార్," అన్నాడు నీళ్ళోడుతూ. "నానే దొంగచాటుగా చూసినాను."

ఆమె మార్కులు ఆమెకి దక్కాయి. అతను మళ్ళీ రాసి పదకొండు తెచ్చుకున్నాడు.

"చూడు, తప్పులన్నీ నా సొంతం," అని గర్వంగా పేపరు చూపించాడు.

ఆమె నవ్వి, పెన్ను తిరిగిచ్చింది. "ఆదివారం హాడోలో మా ఇంటికి రా. మా నాన్నని అడుగు."

"ఏటని అడగాల?"

"అదీ నన్ను చూసే రాస్తావా?"

ఆదివారం మల్లేశు ఆమె తండ్రి అప్పయ్య ఎదుట నిలబడ్డాడు. ఎలా అడగాలో తోచక మూడుసార్లు మొక్కాడు. సగం జీవితం రంగూన్‌లో గడిపిన అప్పయ్య నీళ్ళ కోసం పరిగెత్తలేదు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"పిల్లనడగడానికి వచ్చినావని తెలుసు. ఇచ్చినట్టే అనుకో. ఇంత మర్యాద ఎవరు నేర్పినారు బాబూ?"

తలుపు వెనక జడ కదిలింది. మల్లేశు ఇక అబద్ధమాడదలచుకోలేదు.

"మీ అమ్మాయి దగ్గర కాపీ కొట్టినానండి."