మేనత్త హక్కు

వైజయంతి పెసరట్టు తిరగేసేలోపే, ఆ ఉదయం తన పేరిట వచ్చిన ఉత్తరాలన్నిటికీ జవాబులు వెళ్లిపోయాయి. విశాఖలో అందరూ ఆకాశ టపాకు మారిపోయి చాలా కాలమైంది. ఉత్తరాలు ఎక్కడో పైన నిలవ ఉంటాయి. మన ధోరణి పట్టేసిన బదులరి అనే యంత్రం మన తరఫున రాసేస్తుంది. కావాలంటే చదువుకోవచ్చు గానీ, ఎవరికి తీరిక?

తమ్ముడు భార్గవ మాత్రం ఇంటిపెట్టెను పట్టుకుని వేలాడుతున్నాడు. ఉత్తరాలు బల్లమీది యంత్రంలోకి దించుకోవాలి, కూర్చుని చదవాలి, తనే రాయాలి. పెట్టె చెడితే అన్నీ గోవిందా. ఉంచుకుంటారో మారతారో తేల్చమని టపావారు అడిగేసరికి, అక్క సలహా కోసం భార్య నీరజనూ, చిన్నారి తరళనూ వెంటబెట్టుకుని కాకినాడ నుంచి వచ్చాడు.

ఆ పిల్ల పుట్టినప్పుడు వైజయంతి సముద్రగర్భ కేంద్రంలో ఉద్యోగంలో ఉంది. మేనకోడలికి పేరు పెట్టే హక్కు మేనత్తది. తనను ఒక్క మాటైనా అడగలేదని ఆమెకు ఇప్పటికీ లోలోపల కినుకే. అది బయటపడనీయకుండా, పాతకాలపు మనిషివంటూ తమ్ముణ్ణి ఆటపట్టించింది, ఆకాశ టపాను ఆకాశానికెత్తింది. చివరికి అతను సమ్మతి మీట మీద వేలు పెట్టాడు.

"వదినగారూ, మీరు పాప పేరు రాసి పంపిన ఉత్తరం పోదు కదా?" అని నీరజ అడిగింది.

ఏ ఉత్తరమని వైజయంతి అడగబోయి ఆగింది. నీరజ చెప్పుకుపోయింది. కాన్పుకు ముందే తన తల్లి సుభద్ర పోయిందట. ఆ పేరే పెట్టుకోవాలని నీరజ ఎంతో ఆశపడిందట. అయినా ఆడపడుచు హక్కు కాదనకూడదని ఉత్తరం రాశారట. రాత్రంతా ఆలోచించాననీ, తరళ అని పిలుచుకుందామనీ ఎంతో ప్రేమగా జవాబు వచ్చిందట.

వైజయంతికి తల కొట్టేసినట్లయింది. అడగలేదని ఇన్నాళ్లూ వాళ్లనే తప్పుపట్టింది. అడిగితే తనే చదవలేదు. ఇప్పుడు తలూపి ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చినందుకు ఇంకా సిగ్గేసింది.

తరళ వచ్చి ఆమె ఒళ్లో కూర్చుంది. "అత్తా, రాత్రంతా నా గురించి ఏం ఆలోచించావు?"

ఆ కళ్లలోకి చూస్తూ అబద్ధమాడటం ఆమె వల్ల కాలేదు.

"ఆలోచించలేదమ్మా. ఆ ఉత్తరం నేను చూడనేలేదు. ఆ పేరు పెట్టింది యంత్రం."

భార్గవ మీట మీంచి వేలు తీసేశాడు. నీరజ తిట్టినా బాగుండునని వైజయంతికి అనిపించింది. నీరజ మాత్రం చేతులు చాచి, మెల్లగా పిలిచింది.

"సుభద్రా, ఇలా రా తల్లీ."

ఎవరిని పిలుస్తోందోనని పిల్ల వెనక్కి తిరిగి చూసింది.