తాళాలతాత నలభై ఒకటో పోస్టు

ఉదయం పది గంటలకు ఒక కస్టమరు పాత తాళం తెచ్చి బల్ల మీద పెట్టాడు. "చెవి విరిగి లోపలే ఉండిపోయింది. చూస్తారా?" అన్నాడు. కొట్లో ఉన్న ముసలాయన కళ్ళద్దాలు సర్దుకుని, అలవాటు ప్రకారం ముందు చూపుడువేలితో తాళం నోరు తడిమాడు. లోపల విషపు సూది ఉంది. కస్టమరు తన తాళం తాను తీసుకుని, తలుపు నెమ్మదిగా చేరవేసి వెళ్ళిపోయాడు. గోడకు వేలాడుతున్న వందలాది తాళంచెవులు ఫ్యాను గాలికి కాసేపు గలగలలాడాయి.

మర్నాడు ఉదయం తొమ్మిదింబావుకి ఆ చనిపోయిన మనిషి పేరుతో ఇంటర్నెట్ ఫోరంలో నాలుగు పోస్టులు వెలిశాయి. ఆ మర్నాడు ఇంకో నాలుగు.

పదో రోజున, సీక్రెట్ సర్వీసును నడిపే పెద్దాయన తన గదిలోకి గుమస్తాను పిలిపించాడు.

అక్కడ ఆ ఏజెంటును అందరూ గుమస్తా అనే పిలుస్తారు. బట్టతల, వెలిసిపోయిన చొక్కా, అరగంట ఎదురుగా కూర్చుని మాట్లాడినా గుర్తుండని ముఖం. ఆ ముఖమే అతని ఆయుధం.

"కూర్చోకు, టైం లేదు," అన్నాడు పెద్దాయన. "గొళ్ళెం తెలుసుగా?"

"సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్. ఆస్పత్రులన్నిట్లో అదే."

"ఇవాళ పదకొండింటికి దానికో అప్‌డేట్. కంపెనీ సంతకంతోనే వచ్చింది. లోపలి సరుకు మాత్రం సరిహద్దు అవతలి ముఠాది. పదకొండు కొట్టిందంటే వెంటిలేటర్ల దగ్గర్నుంచి ఆపరేషన్ థియేటర్ల దాకా అన్నీ వాళ్ళ చేతిలోకి పోతాయి."

"ఆపించండి సార్."

"ఎవరిచేత? కంపెనీలో అప్‌డేట్ల అధిపతే వాళ్ళ మనిషి. సరుకు నిన్ననే అన్ని మిషన్లలోకీ దిగిపోయింది. ఇప్పుడతని మీద చెయ్యి వేస్తే ఆ క్షణమే తెరిచేస్తాడు."

"మరి నాకేం పని?"

పెద్దాయన స్క్రీను ఇటు తిప్పాడు. "దెయ్యాన్ని పట్టుకురా."

స్క్రీను మీద ఇలా ఉంది: 'తాళాలతాత. అయ్యా, మీ సాఫ్ట్‌వేర్‌లో ఒక సౌకర్యం కావాలి. అప్‌డేట్ దానంతటదే తెరుచుకోకూడదు. ఇంటివాళ్ళను ఒకసారి అడిగి, సరే అంటేనే తెరుచుకోవాలి. చేతిలో చెవి ఉన్నంత మాత్రాన వచ్చినవాడు మనవాడని నమ్మకం ఏముంది?'

"ముఠా గుట్టంతా ఈ నాలుగు లైన్లలో ఉంది. రాసినవాడు పోయి పది రోజులైంది. ఇవాళ పొద్దున కూడా నాలుగు పోస్టులు పడ్డాయి. ఎవరు పెడుతున్నారో, ఎందుకో నాకు కావాలి."

గుమస్తా ఆ పేరు చూశాడు. వెంటనే చూపు తిప్పుకున్నాడు.

"ఏం, తెలుసా?"

"లేదు సార్."

*

ఇరవై నిమిషాల తర్వాత కంప్యూటర్ మెకానిక్ వేషంలో అతను తాళాల కొట్లో ఉన్నాడు. బల్ల వెనక ముసలాయన భార్య కూర్చుని ఉంది.

"గొళ్ళెం కంపెనీ నుంచి వచ్చానమ్మా. మీ కంప్యూటర్ చూడాలి."

"మనిషి ఉన్నన్నాళ్ళూ రమ్మంటే రాలేదు, పోయాక వచ్చావా బాబూ?"

"ఆయన పేరుతో పోస్టులు వస్తున్నాయి కదమ్మా. మీరేమైనా..."

"కొత్తవి కావు. అన్నీ మేం రాసినవే, వాళ్ళు తీసేసినవే. ఆయన చెప్పేవారు, నేను టైపు కొట్టేదాన్ని. ఆయన వేళ్ళు లావు, ఒకటి నొక్కితే రెండు పడేవి." ఆమె సొరుగులోంచి నోటుపుస్తకం తీసింది. "ఎందుకు తీసేశారో కూడా రాసుకున్నా, విను. 'డూప్లికేట్.' ముందుది వాళ్ళే తీసేశాక ఇది డూప్లికేట్ ఎలా అవుతుంది? 'విషయంతో సంబంధం లేదు.' తాళాలాయనకి తలుపుతో సంబంధం లేదా? 'శీర్షికలో ఆశ్చర్యార్థకం వాడరాదు.' అది ఆయన తప్పు కాదులే, నాకే ఒళ్ళు మండి పెట్టా."

"ఎవరు తీశారు?"

"కత్తెరమ్మ. ఫోరం మోడరేటరు. కనపడిందల్లా కత్తిరిస్తుందని అందరూ అలాగే అంటారు. ఈయన మాత్రం ఆ పిల్లని ఒక్క మాట అననిచ్చేవారు కాదు. 'పైవాళ్ళు ఏం చెప్పారో ఏమో' అనేవారు." ఆమె చివరి పేజీ తిప్పింది. "నలభై తిరిగొచ్చాయి. ఈ నలభై ఒకటోదే రాలేదు. పోయే ముందు రోజు రాసింది. నాలుగు గంటల్లో నూట డెబ్బై రెండు ఓట్లు పడ్డాయి బాబూ. 'చూశావా, వింటున్నారే' అని చిన్నపిల్లాడిలా పొంగిపోయారు. అంతలో మాయం. ఇది కత్తెరమ్మ తియ్యలేదు. ఎవడో రిపోర్టు కొట్టాడు. పేరు చెప్తానుండు." అక్షరాల కింద వేలు జరుపుతూ చదివింది. "వానపిట్ట."

గుమస్తా చేతిలోంచి స్క్రూడ్రైవరు జారి కింద పడింది.

వానపిట్ట అతనే. ఫోరంలో ముఠా సంకేతాల కోసం కాపు కాయడానికి అతను పెట్టుకున్న దొంగపేరు. ఆ రోజు తాళాలతాత పోస్టుకు ఓట్లు పడేకొద్దీ అది మాటిమాటికీ పైకి వచ్చి, తను వెతుకుతున్నవాటిని కిందికి తోసేసింది. చిరాకేసింది. చదవకుండానే 'స్పామ్' అని రిపోర్టు కొట్టి టీ తాగడానికి వెళ్ళాడు. చదివి ఉంటే ఆ రోజే అర్థమయ్యేది. ముసలాయనకు కాపలా పెట్టేవాడు.

"మంచినీళ్ళిమ్మంటావా? మొహం అలా పాలిపోయిందేం?"

"వద్దమ్మా," అన్నాడు. బయటికి వచ్చి తలుపు మూసినా తాళంచెవుల గలగల ఆగలేదు. వీధి మలుపు దాటినా ఆగలేదు.

*

తీసేసిన పోస్టును వెనక్కి తేగలిగేది మోడరేటరొక్కరే. పదిన్నరకు గుమస్తా ఏసీ మెకానిక్ వేషంలో కంపెనీ మూడో అంతస్తుకు ఎక్కాడు.

కత్తెరమ్మను చూస్తే సినిమా పోస్టరు లోంచి దిగివచ్చినట్టుంది. మెడకు ఎర్ర సిల్కు స్కార్ఫు, గదినిండా సెంటు వాసన, కళ్ళకు నల్లద్దాలు. ముఠాకు అడ్డమొచ్చే పోస్టులన్నీ తీసేసిందంటే వాళ్ళ మనిషే అయ్యుండాలని, అతను ఫోరంలో కాపు కాసి పట్టుకున్న ముఠా సంకేతం పలికాడు. "ఈ ప్రశ్నకి ముందే జవాబిచ్చేశారటగా?"

"అయితే లింకు ఇవ్వండి," అంది కత్తెరమ్మ. ముఠా జవాబు అదే. తర్వాత నల్లద్దాలు తీసింది. పది రోజులుగా నిద్ర లేని కళ్ళు. "నువ్వు మావాడివి కాదు. మావాళ్ళకి ఆ మాట అనేటప్పుడు చెమట పట్టదు. సీక్రెట్ సర్వీసా? ఇన్నాళ్ళు పట్టిందేం?"

"పోస్టులు నువ్వే పెడుతున్నావా?"

"తీసిందీ నేనే, పెడుతున్నదీ నేనే. ఈ లోపం గురించి ఎవరు మాట్లాడినా తీసెయ్యమనే ముఠా నన్నిక్కడ కూర్చోబెట్టింది. పోనీలే, వాళ్ళ కంట పడకపోతే ఆయన బతుకుతాడనుకున్నాను. ఒక్కరోజు జ్వరమొచ్చి సెలవు పెట్టాను. ఆ ఒక్కరోజే పోస్టు నాలుగు గంటలు నిలిచింది. అది చాలింది వాళ్ళకి."

"ఇప్పుడు పెట్టి ఏం లాభం?"

"ఆయన అడిగిన సౌకర్యం ప్రోగ్రామర్లు ఎప్పుడో తయారుచేసి పక్కన పడేశారు. ఒకే కోరిక మీద వచ్చిన పోస్టులన్నిటికీ కలిపి అయిదు వందల ఓట్లొస్తే దానంతటదే ఆన్ అవుతుంది, కంపెనీ గొప్పకి పెట్టుకున్న రూలది. పోస్టు తీసేస్తే ఓట్లూ పోతాయి. అందుకే ఆయనకెన్నడూ అయిదు వందలు కాలేదు. రోజుకి నాలుగు దాటితే పైవాళ్ళకి తెలిసిపోతుందని నాలుగేసి చొప్పున తెచ్చాను. నలభైకి కలిపి మూడు వందల నలభై. ఆ నలభై ఒకటోది తెస్తే అయిపోతుంది. కానీ రిపోర్టు కొట్టినవాడే వెనక్కి తీసుకుంటే గాని అది కదలదు." ఆమె స్క్రీను మీద పేరు చూపించింది. "ఎవడో వానపిట్ట. పది రోజులుగా వెతుకుతున్నాను. ఉన్నాడో పోయాడో!"

గుమస్తా తలెత్తి చూశాడు. గోడ గడియారంలో పదీ యాభై రెండు. ఎక్కడా తాళంచెవుల్లేవు, అయినా గలగల వినిపిస్తోంది.

"జరుగు," అన్నాడు.

అతను వానపిట్ట పేరుతో లాగిన్ అవుతుంటే ఆమె ఒక్కసారి అతని ముఖంలోకి చూసింది. తిట్టి ఉంటే నయమనిపించింది.

'రిపోర్టు ఉపసంహరణకు కారణం?' అని అడిగింది ఫోరం. 'తప్పు నాదే' అని కొట్టాడు.

'మీ కారణం చాలా చిన్నదిగా ఉంది. కనీసం వంద అక్షరాలు రాయండి.'

తలుపు తట్టిన చప్పుడైంది. అప్‌డేట్ల అధిపతి లోపలికి తొంగి చూశాడు. "ఏసీ మెకానిక్‌కి నీ కంప్యూటర్‌తో ఏం పని?"

"బిల్లు కొడుతున్నాడు సార్," అంది కత్తెరమ్మ, కంటిమీద పడ్డ జుట్టు తీరిగ్గా వెనక్కి తోసుకుంటూ. "మీ సంతకం కావాలట. మూడు కాపీలు."

"తర్వాత చూద్దాం," అని అతను మాయమయ్యాడు.

గుమస్తా రాశాడు: 'ఈ పోస్టులో తప్పేమీ లేదు. చదవకుండానే రిపోర్టు కొట్టాను. నా పనికి అడ్డమొస్తోందని విసుక్కున్నాను. ఆ రోజే చదివి ఉంటే ఈయన ఇవాళ తన కొట్లో కూర్చుని ఉండేవాడు. అందరూ చదవండి.'

పదీ యాభై ఎనిమిది. 'మీరు మనిషేనని నిరూపించుకోండి. తాళాలున్న బొమ్మలన్నీ ఎంచుకోండి.'

తొమ్మిది బొమ్మలు. ఒకదాంట్లో తుప్పు తాళం, ఒకదాంట్లో సైకిలు తాళం. వేలు పెట్టాలంటే భయం వేసింది. ఒక్కొక్కటే నొక్కాడు. చివరి బొమ్మలో మూల మీద తాళం అంచు గోరంత కనిపిస్తోంది.

"ఇది లెక్కా?" అన్నాడు.

"నొక్కు!"

నొక్కాడు. 'ధన్యవాదాలు. మీ అభ్యర్థన మోడరేటరు పరిశీలనకు పంపబడింది.' మోడరేటరు అతన్ని పక్కకు తోసి మీట నొక్కింది. మూడు వందల నలభై ఓట్లు కాస్తా అయిదు వందల పన్నెండయ్యాయి.

సరిగ్గా పదకొండుకు ఆస్పత్రులన్నిట్లో కంప్యూటర్లు ఒకే ప్రశ్న వేసి ఆగిపోయాయి: 'ఎవరో వచ్చారు. తలుపు తియ్యమంటారా?' అప్పటికే గుమస్తా కబురందుకున్న పెద్దాయన మనుషులు 'తియ్యకండి' అని ఆస్పత్రులకు ఫోన్లు చేస్తున్నారు. ఎవరూ తియ్యలేదు. అధిపతిని లిఫ్టులోనే పట్టుకున్నారు. కత్తెరమ్మ తనంతట తానే బేడీలకు చేతులు చాపింది. "ఆయన ఇంటికి వెళ్ళి చెప్పు," అంది, "తీసిందీ, పెట్టిందీ నేనని."

*

మర్నాడు గుమస్తా ఏ వేషమూ లేకుండా తాళాల కొట్టుకు వెళ్ళి ఇద్దరి సంగతీ చెప్పాడు. ముసలాయన భార్య లేచి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. "నీళ్ళు తాగు," అంది. క్షమించాననలేదు. అతనూ అడగలేదు.

ఆ సాయంత్రం ఫోరంలో నలభై రెండో పోస్టు పడింది. గుమస్తా వెంటనే కొట్టుకు ఫోన్ చేశాడు.

"నేనే రాశా బాబూ. ఆయనుంటే ఇదే అడిగేవారు."

పోస్టులో ఇలా ఉంది: 'తాళాలతాత. అయ్యా, మీరు పెట్టిన సౌకర్యం బాగుంది. కానీ అక్షరాలు మరీ చిన్నవి, ముసలివాళ్ళ కంటికి ఆనడం లేదు. కాస్త పెద్దవి చేయగలరు!'

శీర్షికలో ఆశ్చర్యార్థకాలు మూడున్నాయి. గుమస్తా పోస్టును రెండుసార్లు పూర్తిగా చదివాడు. తర్వాత ఓటు వేశాడు.

ఇంకా నాలుగు వందల తొంభై తొమ్మిది కావాలి.