చలికోటులో చప్పుడు

పాల్వంచ అడవి రోడ్డు మీద ఏజెంట్ సంసోనును కాల్చి చంపారు. ఉత్తర ధ్రువం వైపు వెళ్లే క్రూయిజ్ ఓడలో అతని బెర్త్ మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది.

"ఆ బెర్త్‌లో నువ్వు వెళ్తున్నావ్," ఫోన్‌లో చీఫ్ ధన్‌సింగ్ గొంతు. "ఓడలో మన సైంటిస్ట్ ఉంటాడు. విదేశీ ముఠా అతణ్ని మంచులో కలిపేయాలని చూస్తోంది. నీ కవర్, టూరిస్ట్. ఇవాళే ప్రయాణం."

వైరా రిజర్వాయర్‌ను మించిన నీళ్లు చూడనివాడు బెంజమిన్. "ఎస్ సార్," అన్నాడు.

సంసోను సామాను భద్రాచలం దారిలో, అడవి అంచున, అతని తల్లి మరియమ్మ ఇంట్లో ఉంది. 2006 మే నెల. రేకుల కప్పు నిప్పులు కక్కుతోంది. ట్రంకు పెట్టెలోంచి ఉన్ని మేజోళ్లు, మంచు బూట్లు, ఎర్రటి చలికోటు బయటికి వచ్చాయి. బెంజమిన్ కోటు తొడుక్కుని అద్దంలో చూసుకున్నాడు. ఆ భుజాలు సంసోనువి. ముఖమే పొరపాటున తనది పడిందనిపించింది.

"కాలర్‌లో ట్రాకర్ ఉంది. టెస్ట్ చేసిస్తాను," అంటూ ఏజెంట్ బ్లెస్సీ కోటును లోపలిగదిలోకి తీసుకెళ్లి తెచ్చింది. చలువ కళ్లద్దాలు, సన్నటి నవ్వు. సంసోను ఆఖరి మిషన్‌లో తోడున్నది ఆమే.

మరియమ్మ కోటును ఒళ్లో పెట్టుకుంది. "ప్రార్థన చేసి పంపిస్త బిడ్డా. నా కొడుక్కు చెయ్యలే. జల్దీ జల్దీ పోయిండు."

అందరూ కళ్లు మూశారు. ఆమె కోటు మీద చేతులుంచి మొదలుపెట్టింది. నోవహు ఓడ నుంచి ఈ ఓడ కెప్టెన్ దాకా అందరినీ ప్రభువుకు అప్పజెప్పింది. ఉన్నట్టుండి గొంతు ఆగింది.

"కొట్టుకుంటాంది."

"ఏందమ్మా?"

"నా కొడుకు గుండె. గీ కోటుల కొట్టుకుంటాంది."

పాపం, దుఃఖం అనుకుంటూ బెంజమిన్ కళ్లు తెరిచాడు. పక్కన బ్లెస్సీ లేదు! వాకిట్లో జీపు స్టార్టయింది. ఈ ఇళ్లల్లో ఆమెన్ అనకముందు చంటిపిల్లలు కూడా లేవరు.

కోటుకు చెవి ఆనించాడు. టిక్. టిక్. టైమ్ బాంబు!

కోటు లాక్కుని పెరట్లోకి ఉరికి, ఎండిన బావిలోకి విసిరేసి బోర్లా పడ్డాడు. మరుక్షణం నేల అదిరింది. ఇంటి రేకులు చాలాసేపు మోగుతూనే ఉన్నాయి.

బెంజమిన్ విషయం చెప్పిన కాసేపటికి చీఫ్ మళ్లీ ఫోన్ చేశాడు. "బ్లెస్సీ దొరికింది. తునికాకు లారీలు రోడ్డుకు అడ్డంగా ఆగి ఉంటే జీపు అక్కడే చిక్కింది. సంసోను రూటు ముఠాకు చెప్పిందీ ఆమేనట. నువ్వు కదులు. ఫ్లైట్ ఆగదు."

"కోటు లేదు సార్."

"ఢిల్లీలో కొను."

మరియమ్మ బావి పొగ వైపే చూస్తోంది. "ఆగిపోయింది," అంది మెల్లగా. తర్వాత కొంగు తల మీదికి లాక్కుంది.

"ఇంకా ఆమెన్ అనలే బిడ్డా. గట్ల సగంల లేచిపోవద్దు. కూసో."

బెంజమిన్ వినయంగా మోకరించాడు. ఈసారి ఒక కన్నే మూశాడు.